ఆర్‌ఎక్స్ 100: 65 దాటాక బండి లాగట్లేదు, మెయిన్ జెట్ పెంచాలా తగ్గించాలా?

మడివాళ_ఆర్‌ఎక్స్

అందరికీ నమస్తే. బండి 1993 యమహా ఆర్‌ఎక్స్ 100. చెన్నైలో ఉండేది, ఇప్పుడు బెంగళూరు మడివాళలో ఉంది. ఫస్టు, సెకండు గేర్లలో ఏ లోటూ లేదు. సిగ్నల్ దగ్గర నుంచి కదలడం, ఫ్లైఓవర్ ఎక్కడం అన్నీ బాగానే ఉన్నాయి. థర్డ్‌లో 50 దాటాక బరువెక్కినట్టు అవుతుంది. టాప్ గేరులో 65 దగ్గర ఆగిపోతుంది. అక్కడే ఫుల్ రేజ్ పట్టి ఉంచితే 30, 40 సెకన్లకి ఇంకా దిగి 55కి వస్తుంది. రేజ్ వదిలి నాలుగైదు సెకన్లు ఆగి మళ్ళీ ఇస్తే కాసేపు బాగుంటుంది, మళ్ళీ అదే కథ. ఈ అంకెలన్నీ ఫోన్ జీపీఎస్‌లో చూసినవి, మీటరువి కావు.

ఈ మధ్య చేయించినవి: సిలిండర్ రీబోర్ (లోపలి గొట్టాన్ని పెద్దది చేయడం), దానికి 0.50 మి.మీ. పెద్ద పిస్టన్, అయ్యాక 1200 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ పంపు తీసేశారు, లీటరుకి 30 మి.లీ. 2టీ ఆయిల్ కలిపి పోస్తున్నాను. పంపుతో పాటు పాత రెండు పాయల రేజ్ కేబుల్ (ఒక పాయ కార్బరేటర్‌కి, ఒకటి పంపుకి) కూడా పోయింది, ఒంటి కేబుల్ వేశారు. పెట్రోల్ పైపు మధ్యలో చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ పెట్టారు. సైలెన్సర్ కొత్తది, కంపెనీ దానిలాగే కనిపిస్తుంది కానీ కంపెనీది కాదు. కార్బరేటర్ అసలు మికునిదే, మెయిన్ జెట్ (ఫుల్ రేజ్‌లో పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే ఇత్తడి రంధ్రం) మీద 100 అని ఉంది.

ఒక మెకానిక్ జెట్ పెంచమంటున్నారు. ఇంకొకరు, బెంగళూరు ఎత్తులో ఉంది కాబట్టి తగ్గించాలంటున్నారు. రీబోర్ కొత్తది, పిస్టన్ పట్టేస్తుందేమోనని భయం. ఏది ముందు చూడాలి?

రెండుస్ట్రోకుల_బడి

జెట్‌ని ముట్టుకోవద్దు బ్రదర్. పెంచడమూ వద్దు, తగ్గించడమూ వద్దు, ఇంకా ఆ దశ రాలేదు.

మీరు రాసినదాంట్లో రెండు వేరు వేరు జబ్బులు ఉన్నాయి. ఫుల్ రేజ్ ఇచ్చిన మొదటి క్షణం నుంచే 65 దాటకపోవడం ఒకటి. 30, 40 సెకన్ల తర్వాత ఇంకా దిగిపోయి, రేజ్ వదిలితే కోలుకోవడం రెండోది. మొదటిదానికి పది కారణాలు ఉండొచ్చు. రెండోదానికి మాత్రం దాదాపు ఒకటే కారణం: కార్బరేటర్ గిన్నెలోకి వచ్చే పెట్రోలు కంటే ఇంజన్ తాగేది ఎక్కువగా ఉంది. గిన్నె నిండుగా ఉన్నంతసేపు నడుస్తుంది, మట్టం దిగాక మెయిన్ జెట్‌కి అందదు. రేజ్ వదిలిన నాలుగు సెకన్లలో గిన్నె మళ్ళీ కాస్త నిండుతుంది. ఇప్పుడు జెట్ పెంచితే గిన్నె ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది, అంతే.

లెక్క చూడండి. బండి 11 హార్స్‌పవర్. ఈ తరం రెండు స్ట్రోకుల ఇంజన్ ఫుల్ రేజ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి అర లీటరుకి కాస్త తక్కువ తాగుతుంది. అంటే గంటకి 5 లీటర్లు, నిమిషానికి 80 నుంచి 85 మి.లీ. ట్యాంకు అడుగున కొంచెమే ఉన్నా, పైపు కాస్త వంగినా ఇబ్బంది రాకూడదంటే దానికి రెట్టింపు, నిమిషానికి 160 నుంచి 200 మి.లీ. రావాలి.

కొలిచే పద్ధతి ఇది. కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీయండి. పైపు చివర కార్బరేటర్‌లో దూరే చోటు ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో పట్టుకోండి, కిందికి వేలాడదీయొద్దు. కిందికి పెడితే ధార జోరుగా వచ్చి, లేని ఆరోగ్యం ఉన్నట్టు చూపిస్తుంది. ట్యాంకులో లీటరో లీటరున్నరో మాత్రమే ఉంచి, కాక్ రిజర్వ్‌లో పెట్టి కొలవండి, ఎందుకంటే పెట్రోలు తక్కువున్నప్పుడే ఒత్తిడి తక్కువ. మందుల సీసా కొలత గ్లాసు ఏదైనా పనికొస్తుంది. 100 మి.లీ. నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. ఒకసారి ఆ ప్లాస్టిక్ ఫిల్టర్‌తో, ఒకసారి అది తీసేసి, ఒకసారి ట్యాంకు మూత తెరిచి. మూడు అంకెలు కావాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, దగ్గర్లో పొయ్యి, బీడీ ఏదీ లేకుండా చేయండి.

ఆ ఇన్‌లైన్ ఫిల్టర్లలో చాలా వాటిని పంపు ఒత్తిడితో పెట్రోలు తోసే బండ్ల కోసం తయారు చేస్తారు. మన బండిలో పంపు లేదు, ట్యాంకు ఎత్తే ఒత్తిడి. లోపల ముడతల కాగితం ఉన్న ఫిల్టర్ అయితే గాలి బుడగ పట్టుకుని సగం దారి మూసేస్తుంది. కాక్ లోపల జాలీ గొట్టం, కింద చెత్త గిన్నె కంపెనీ ఇచ్చినవే, అవి శుభ్రంగా ఉంటే వేరే ఫిల్టర్ అక్కర్లేదు. మూత తెరిచినప్పుడు మాత్రమే ధార పెరిగితే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది, దాన్ని కడగండి.

ఇక మొదటి జబ్బు. మీరు రాసిన జాబితాలో నాకు కంట్లో నలుసులా తగిలింది ఆ ఒంటి కేబుల్. ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు గొట్టం ఊడదీసి, కార్బరేటర్ నోట్లోకి టార్చి వేయండి. ఇంజన్ ఆపి ఉంచి, ఇంకొకరిని రేజ్ పూర్తిగా తిప్పమనండి. స్లైడ్ (రేజ్ తిప్పితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) అడుగు అంచు పూర్తిగా పైకి పోయి, 20 మి.మీ. గొట్టం గుండ్రంగా చంద్రుడిలా ఖాళీగా కనిపించాలి. పైన నల్లగా నెలవంక మిగిలితే మీ ఫుల్ రేజ్ ఫుల్ రేజ్ కాదు. అది ఎన్ని మి.మీ. ఉందో కొలిచి చెప్పండి.

అడయార్_2టీ

పైవారు చెప్పింది ముందు చేయండి. నేను జెట్ లెక్క ఒక్కటే చెప్తాను, ఎందుకంటే మీ ఇద్దరు మెకానిక్‌లూ చెరో సగం నిజం చెప్పారు.

బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. చెన్నైతో పోలిస్తే గాలి పీడనం పది శాతం తక్కువ. గాలి పది శాతం పలచబడితే అదే జెట్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం అయిదు శాతం దాకా చిక్కబడుతుంది, అంటే గాలికి పెట్రోలు ఎక్కువవుతుంది. గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గదు, దాదాపు అందులో సగమే తగ్గుతుంది. కాబట్టి చెన్నైలో సరిగ్గా కుదిరిన జెట్ బెంగళూరులో ఒక మెట్టు ఎక్కువ. తగ్గించమన్న మెకానిక్ మాట ఇంతవరకూ నిజం. చెన్నై వేడికి అక్కడి గాలి కూడా కొంత పలచనే కాబట్టి ఎండాకాలంలో ఈ తేడా ఇంకా తగ్గుతుంది.

కానీ ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఇమిడి ఉంటుంది కాబట్టి అదే జెట్‌లో మిశ్రమం ఏడు శాతం దాకా పలచబడుతుంది. దాని మీద మీరు లీటరుకి 30 మి.లీ. ఆయిల్ ట్యాంకులోనే కలుపుతున్నారు. జెట్ గుండా పోయే ప్రతి వంద చుక్కల్లో మూడు ఆయిల్. ఈ బండికి కంపెనీ జెట్ నిర్ణయించినప్పుడు ఆయిల్ పంపు ద్వారా విడిగా వచ్చేది, జెట్ గుండా పోయేది పెట్రోలే. అంటే ఇంకో మూడు శాతం పలచన.

కూడితే: ఎత్తు వల్ల అయిదు చిక్కన, ఈ20, ఆయిల్ కలిసి పది పలచన. నికరంగా అయిదు పలచన. కాబట్టి ఆఖరికి మీ బండి ఒక మెట్టు పెంచమనే అడగొచ్చు. కానీ ఇది కాగితం మీది లెక్క. మీ జెట్ మీద 100 అని ఉన్నంత మాత్రాన అది 100 అని నమ్మలేం. అసలు మికుని జెట్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు చిన్నగా చెక్కి ఉంటుంది, భూతద్దంతో చూడండి. ఆ గుర్తు లేకపోతే అంకెకి విలువ లేదు. ఎవరైనా తీగతో పొడిచి శుభ్రం చేసి ఉంటే అసలు జెట్టు కూడా నమ్మడానికి లేదు, ఇత్తడి మెత్తన, రంధ్రం పెరిగిపోతుంది. నైలాన్ బ్రష్ పోగు, కార్బ్ క్లీనర్, గాలి, అంతే వాడాలి.

ఇంకో మాట. పంపు తీసినప్పుడు ఆయిల్ సన్నపైపు వచ్చి చేరే నిపుల్‌ని దేనితో మూశారు? చాలా చోట్ల రబ్బరు ముక్క తొడిగి వదిలేస్తారు. ఈ20కి ఆ రబ్బరు ఉబ్బి వదులవుతుంది, అక్కడ గాలి లాగుతుంది. లోపల స్క్రూ బిగించిన గట్టి మూత ఉండాలి. నా సలహా అడిగితే పంపు తిరిగి పెట్టించండి. రేజ్‌ని బట్టి, ఇంజన్ వేగాన్ని బట్టి ఆయిల్ ఇచ్చే ఏర్పాటు అది. ట్యాంకులో కలిపితే నంది కొండ దిగేటప్పుడు రేజ్ మూసి గేరులో దిగుతున్నంతసేపు పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా ఆగిపోతుంది.

కె100

ముందు స్ప్రాకెట్ ఒక పన్ను పెద్దది వేయండి, టాప్ పెరుగుతుంది. చాలా బండ్లకి చేస్తారు.

రెండుస్ట్రోకుల_బడి

@కె100 ఈ బండికి అది రివర్స్ అవుతుంది. ఇప్పటికే ఇంజన్ టాప్ గేరుని పూర్తి వేగానికి లాగలేకపోతోంది. ముందర ఒక పన్ను పెంచితే గేరింగ్ ఏడు శాతం దాకా బరువెక్కుతుంది. ఈ ఇంజన్ శక్తి 7500 తిప్పుల దగ్గర ఉంది, బరువెక్కిన గేరులో అక్కడికి చేరనే చేరదు. ఇంకా 60కే ఆగుతుంది. వెనక 2.75-18 బదులు 3.00-18 టైరు వేసినా కొంచెం ఇదే జరుగుతుంది. మడివాళ గారూ, టైరు సైజు, రెండు స్ప్రాకెట్ల పళ్ళు కూడా లెక్కపెట్టి రాయండి. చక్రాలు రెండూ పైకెత్తి తిప్పి చూడండి, పది నిమిషాలు బండి నడిపాక బ్రేక్ డ్రమ్ముల మీద చెయ్యి పెట్టి చూడండి. బ్రేక్ షూ రాసుకుంటూ ఉంటే డ్రమ్ము చెప్పేస్తుంది.

జేసీరోడ్డు_బోర్

సిలిండర్, సైలెన్సర్ సంగతి నేను చెప్తాను. రెండు స్ట్రోకుల బండికి సైలెన్సర్ అంటే శబ్దం తగ్గించే డబ్బా కాదు, ఇంజన్‌లో ఒక భాగం. సిలిండర్ గోడలో పొగ బయటికి పోయే రంధ్రం, అంటే పోర్టు, తెరుచుకోగానే బయల్దేరిన పీడన తరంగం లోపలి శంకువుల మీద కొట్టుకుని వెనక్కి వచ్చి, సైలెన్సర్‌లోకి జారిపోయిన తాజా మిశ్రమాన్ని పోర్టు మూసుకునే లోపు సిలిండర్‌లోకి నెట్టాలి. ఆ శంకువులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయి, చివరి సన్న గొట్టం ఎంత లావు, వీటిని బట్టి ఏ వేగంలో బండి లాగుతుందో నిర్ణయమవుతుంది. బయటికి అచ్చం కంపెనీ దానిలా క్రోమ్ మెరుస్తూ, లోపల ఒట్టి రంధ్రాల గొట్టం పెట్టినవి మార్కెట్‌లో బోలెడు. కింది వేగాల్లో తేడా తెలియదు. పైన గోడ తగిలినట్టు ఆగిపోతుంది.

దీనికి పరీక్ష ఒక్కటే. బాగా నడిచే ఇంకో ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్‌ని ఒక గంట అడిగి తెచ్చి బిగించి చూడండి. రెండు నట్లు, ఒక బోల్టు పని. సిలిండర్ దగ్గర గ్యాస్కెట్ కొత్తది వేయండి, అక్కడ పొగ కారినా తరంగం బలం పోతుంది. కంపెనీ పాత సైలెన్సర్ మీ దగ్గరే ఉంటే పారేయకండి. వెనక బోల్టు తీసి లోపలి బాఫిల్ గొట్టం లాగండి, నల్లటి జిగురు పట్టి రంధ్రాలు పూడిపోయి ఉంటాయి. బాఫిల్ వరకైతే ఇనుప బ్రష్ చాలు. సైలెన్సర్ లోపల కూడా పేరుకుని ఉంటే కాస్టిక్ సోడా ద్రావణం పోసి ఒక రాత్రి నిలబెట్టి, బోలెడు నీళ్ళతో కడగాలి. చేతికి రబ్బరు గ్లవుసులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. సోడాని కొంచెం కొంచెంగా నీళ్ళలో వేయాలి, సోడా మీద నీళ్ళు పోస్తే సలసల కాగి మీద చిందుతుంది. అల్యూమినియం దేన్నీ అందులో ముంచకండి, తినేస్తుంది.

ఇక రీబోర్. బోర్ పెంచినంత మాత్రాన పోర్టుల ఎత్తు మారదు, కానీ మూడు చోట్ల తేడా చేస్తారు. ఒకటి, సిలిండర్ కింద గ్యాస్కెట్ రెండు వేయడం. మందం పెరిగితే పోర్టులన్నీ పైకి జరుగుతాయి, కంప్రెషన్ తగ్గుతుంది. రెండోది, షీటు నుంచి చేత్తో కత్తిరించిన గ్యాస్కెట్. దాని అంచు ట్రాన్స్‌ఫర్ దారుల (కింది నుంచి సిలిండర్‌లోకి మిశ్రమం ఎక్కే దారులు) నోట్లోకి రెండు మి.మీ. పొడుచుకొచ్చినా పైవేగంలో మిశ్రమం అందదు. మూడోది, పిన్ను నుంచి పిస్టన్ నెత్తి దాకా ఎత్తులో తేడా ఉన్న డూప్లికేట్ పిస్టన్. పాత పిస్టన్ ఉంటే రెండిటినీ ఒకే పిన్ను మీద పక్కపక్కన పెట్టి కంటితో చూస్తే చాలు, అర మి.మీ. తేడా కూడా కనిపిస్తుంది. బోర్ కొట్టిన తర్వాత పోర్టు అంచుల్ని సన్నగా వాలుగా అరగదీశారా లేదా అని కూడా అడగండి. పదును అలాగే ఉంటే రింగు తగులుతూ తొందరగా అరిగిపోతుంది.

ఇవన్నీ విప్పే ముందు కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి. ఇంజన్ వేడిగా, రేజ్ పూర్తిగా తెరిచి, సూది కదలడం ఆగేదాకా కిక్ కొట్టాలి. 110 నుంచి 130 పీఎస్ఐ మధ్య వస్తే హెడ్డు విప్పాల్సిన పని లేదు.

మడివాళ_ఆర్‌ఎక్స్

చాలా థ్యాంక్స్ అందరికీ. కొలిచి వచ్చాను.

పెట్రోలు ధార, ట్యాంకులో లీటరున్నర, రిజర్వ్‌లో: ఫిల్టర్‌తో 100 మి.లీ.కి 86 సెకన్లు. ఫిల్టర్ తీసేస్తే 28 సెకన్లు. మూత తెరిచినా అదే 28.

స్లైడ్: పైన నెలవంక ఉంది, 4 మి.మీ. కేబుల్ అడ్జస్టర్ బయటికి తిప్పితే 2.5కి వచ్చింది, అంతకంటే తిప్పితే రేజ్ వదిలినా ఇంజన్ వేగం దిగట్లేదు.

కంప్రెషన్ 120. టైరు 2.75-18. స్ప్రాకెట్లు ఎవరూ మార్చలేదు, కంపెనీ పళ్ళే. డ్రమ్ములు రెండూ చల్లగా ఉన్నాయి. జెట్ మీద చతురస్రం గుర్తు ఉంది. నిపుల్‌కి రబ్బరు ముక్కే తొడిగారు, వేలితో తిప్పితే తిరుగుతోంది.

రెండుస్ట్రోకుల_బడి

ఫిల్టర్‌తో నిమిషానికి 70 మి.లీ., ఇంజన్‌కి కావాల్సింది 80 పైన. మీ రెండో జబ్బు అదే. ఫిల్టర్ తీసి పక్కన పెట్టండి. తీసేస్తే 214, బ్రహ్మాండం. ఆ ఫిల్టర్ ఎందుకు పెట్టారో కూడా ఆలోచించండి, ట్యాంకులో తుప్పు ఉండి ఉండొచ్చు. కాక్ విప్పి జాలీ చూడండి, ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు కడిగించాలి.

ధార ఇంకొక చోట కూడా ఆగొచ్చు: గిన్నెలోకి దారి మూసే ఫ్లోట్ సూది. గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ ఉంటే పైపు బిగించి, కాక్ తెరిచి, ఆ స్క్రూ తీసి, అక్కడ నుంచి వచ్చే ధార కొలవండి. సూది, దాని సీటు దాటి వచ్చిన అసలు లెక్క అది. అక్కడ కూడా నిమిషానికి 150 పైన ఉంటే ఇక పెట్రోలు వైపు సందేహం వద్దు. తక్కువుంటే సూది రబ్బరు కొస ఈ20కి ఉబ్బి ఉండొచ్చు, సీటుతో సహా మార్చండి.

స్లైడ్ విషయం. 20 మి.మీ. గొట్టంలో 4 మి.మీ. నెలవంక అంటే దారిలో 14 శాతం మూసి ఉన్నట్టు. అడ్జస్టర్‌తో మిగిలినది సరికాదు, ఎందుకంటే తప్పు కేబుల్ పొడవులో కాదు, లాగే దూరంలో ఉంది. హ్యాండిల్ మీద రేజ్ గ్రిప్ లోపల ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, దాని చుట్ట మీదే కేబుల్ చుట్టుకుంటుంది. వేరే బండి గొట్టం వేస్తే ఆ చుట్ట చిన్నదై, మొత్తం తిప్పినా 16, 17 మి.మీ.లే లాగుతుంది. ఆర్‌ఎక్స్ 100 గొట్టమే తెచ్చి వేయండి. కేబుల్ కూడా ఆ బండిదే, పంపు తిరిగి పెట్టిస్తే రెండు పాయలది. బిగించాక రేజ్ మూసినప్పుడు కేబుల్‌కి ఒకట్రెండు మి.మీ. సడలు ఉండాలి, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పినా ఇంజన్ వేగం మారకూడదు.

నిపుల్‌కి గట్టి మూత వేయకుండా ఫుల్ రేజ్ పరీక్ష మాత్రం చేయకండి. పలచబడిన మిశ్రమంతో కొత్త పిస్టన్ పట్టేయడానికి ఒక కిలోమీటరు చాలు.

మడివాళ_ఆర్‌ఎక్స్

ఫిల్టర్ తీసేశాను, జాలీలో కొద్దిగా ఎర్ర పొడి, కడిగాను. డ్రెయిన్ దగ్గర ధార నిమిషానికి 170. గ్రిప్ గొట్టం జేసీ రోడ్డులో దొరికింది, పాతదాని పక్కన పెట్టి చూస్తే చుట్ట లావులో తేడా కంటికే కనిపించింది. ఇప్పుడు గొట్టంలో నెలవంక లేదు. నిపుల్‌లో స్క్రూ బిగించాం. పంపు వచ్చే నెల పెట్టిద్దామనుకుంటున్నాను.

థర్డ్‌లో 70 దాకా హాయిగా పోతోంది. నిమిషం పట్టి ఉంచినా దిగట్లేదు. టాప్‌లో 82 దగ్గర ఆగుతోంది. ఇప్పుడు జెట్ చూడొచ్చా?

జేసీరోడ్డు_బోర్

ముందు సైలెన్సర్ మార్చి చూడండి. జెట్ ఏ సైలెన్సర్‌కి కుదిర్చితే ఆ సైలెన్సర్‌కే పనికొస్తుంది. ఇప్పుడు కుదిర్చి రేపు కంపెనీది బిగిస్తే మళ్ళీ మొదటి నుంచి.

మడివాళ_ఆర్‌ఎక్స్

ఒక మిత్రుడి బండి నుంచి కంపెనీ సైలెన్సర్ తెచ్చి బిగించాను. 82 దగ్గర ఆగింది 91కి పోయింది. వేరే ఏదీ మార్చలేదు. నా దగ్గరున్న పాత కంపెనీ సైలెన్సర్ కాస్టిక్‌లో నానబెట్టాను, లోపల నుంచి గుప్పెడు బొగ్గు రాలింది. రేపటి నుంచి అదే.

అడయార్_2టీ

ఇప్పుడు జెట్ వేళ. రెండు పరీక్షలు, రెండూ థర్డ్ గేరులోనే, ఖాళీ రోడ్డు మీద తెల్లవారుజామున. థర్డ్‌లోనే ఇంజన్ పూర్తి వేగం వచ్చేస్తుంది, రోడ్డు మీద 90 పోవాల్సిన పని లేదు. ఎడమ చెయ్యి క్లచ్ మీదే ఉండాలి. ఇంజన్ శబ్దం ఒక్కసారిగా బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆలోచించకుండా క్లచ్ పట్టేయాలి.

మొదటిది చోక్ పరీక్ష. ఇంజన్ వేడెక్కాక ఫుల్ రేజ్‌లో వెళ్తూ చోక్‌ని ఒక్క సెకను లాగండి. బండి ముందుకి ఊపు అందుకుంటే మిశ్రమం పలచన. తడబడి గొణిగితే సరిగ్గా ఉంది లేదా చిక్కన. మీరు మొదట్లో ఫిల్టర్‌తో ఉన్నప్పుడు ఈ పరీక్ష చేసి ఉంటే తప్పుదారి పట్టించేది, గిన్నెలో పెట్రోలే లేనప్పుడు చోక్ మాత్రం ఎక్కడ నుంచి ఇస్తుంది.

రెండోది ప్లగ్గు చూడటం. కొత్త ప్లగ్గు, కంపెనీ చెప్పిన నంబరే, వేసి, థర్డ్‌లో ఫుల్ రేజ్‌లో ఒక కిలోమీటరు పట్టి, రేజ్ మూయకుండానే ఇంజన్ తాళం ఆపి, అదే క్షణం క్లచ్ పట్టి పక్కకి ఆపండి. రేజ్ మూసి దొర్లించుకుంటూ వస్తే ప్లగ్గు మీద ఫుల్ రేజ్ రంగు చెరిగిపోతుంది. పైన కనిపించే తెల్ల పింగాణీ కొస చూడకండి, ఇప్పటి పెట్రోలుకి అక్కడ రంగు పట్టదు. టార్చి వేసి లోపల అడుగున, పింగాణీ ఇనుములో కలిసే చోట చూడండి. సన్నటి గోధుమరంగు ఉంగరం ఉండాలి. ఉంగరం లేకుండా పాలతెలుపు అయితే పలచన. నల్లగా తడిగా ఉంటే చిక్కన. పింగాణీ మీద మిరియపు పొడిలా మెరిసే చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం, బండి అక్కడే ఆపి నడిపించుకుంటూ ఇంటికి రండి.

మడివాళ_ఆర్‌ఎక్స్

నా సైలెన్సర్ కడిగి బిగించాక చేశాను. చోక్ లాగితే స్పష్టంగా ముందుకి తోసింది. ప్లగ్గు అడుగున ఉంగరం లేదు, తెల్లగా ఉంది. చుక్కలు లేవు.

అడయార్_2టీ

అయితే లెక్క కుదిరింది, 105 వేయండి. చతురస్రం గుర్తున్నదే తీసుకోండి. వేశాక మళ్ళీ అవే రెండు పరీక్షలు, మళ్ళీ కొత్త ప్లగ్గుతో. 105తో చోక్ లాగితే తడబడాలి. ఇంకా ముందుకే తోస్తే 110 వేసే ముందు గాలి లీకు చూడండి: ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కార్బరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు జాయింట్ చుట్టూ, ఎడమవైపు మాగ్నెటో పక్క, కార్బ్ క్లీనర్ కొద్దిగా చల్లితే ఇంజన్ వేగం మారుతుందేమో గమనించండి. సైలెన్సర్ వేడిగా ఉన్నప్పుడు చల్లకండి, అంటుకుంటుంది. మాగ్నెటో వైపు క్రాంక్ సీల్ పోయిందంటే జెట్లు పెంచుకుంటూ పోవడం పుండు మీద పౌడర్ చల్లడమే.

పంపు పెట్టించి ట్యాంకులో ఆయిల్ కలపడం మానేసిన రోజు మళ్ళీ ఒకసారి ప్లగ్గు చూడండి. మూడు శాతం వెనక్కి వస్తుంది కాబట్టి 102.5 సరిపోవచ్చు. పంపు పైపులో గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా మాత్రం ట్యాంకులో 20 మి.లీ. చొప్పున కలిపే పోయండి.

మడివాళ_ఆర్‌ఎక్స్

105 వేశాను. చోక్ లాగితే గొణుగుతోంది. ప్లగ్గు అడుగున సన్నగా గోధుమరంగు గీత వచ్చింది, చుట్టూతా పూర్తిగా తిరిగింది. టాప్‌లో 94.